పంచదార పేరు, ఉప్పు నీరు

మీ ఇంటి ముందు పడిన వాన నీళ్ళు ఎక్కడికి పోతాయో మీకు తెలుసా? "డ్రెయిన్‌లోకి" అని చెప్పకండి, ఆ మాత్రం నాకూ తెలుసు. ఆ డ్రెయిన్ ఎక్కడికి పోతుంది? హెర్న్‌డన్‌లో ఇల్లు కొన్న తొమ్మిదేళ్ళ దాకా ఈ ప్రశ్నకి జవాబు తెలియకుండానే హాయిగా బతికేశాను. ఇల్లు కొనే ముందు వడ్డీ రేటు, స్కూలు రేటింగు, డల్లెస్ ఎయిర్‌పోర్టుకి ఎన్ని నిమిషాలు, ఇండియన్ గ్రోసరీకి ఎన్ని మైళ్ళు అన్నీ ఎక్సెల్ షీట్‌లో వేసుకుని మరీ చూశాం. ఇంటి వెనక వాగు ఒకటుందన్న సంగతికి ఆ షీట్‌లో కాలమ్ లేదు.

ఆ వాగు పేరు షుగర్‌ల్యాండ్ రన్. పేరు వింటే పంచదార గుర్తొస్తుంది కదా! రెస్టన్ వైపు మొదలై, హెర్న్‌డన్ ఊళ్ళోంచి, మనవాళ్ళు సాయంత్రాలు వాకింగ్ చేసే డబ్ల్యూ అండ్ ఓడీ ట్రెయిల్‌ని దాటి, దాదాపు 60 ఎకరాల రనీమీడ్ పార్కు గుండా పారి, లౌడన్ కౌంటీలోకి వెళ్ళి, చివరికి పొటోమాక్ నదిలో కలుస్తుంది. పొటోమాక్ వెళ్ళి చెసపీక్ బే లో కలుస్తుంది. మన డ్రైవ్‌వేల మీద, పార్కింగ్ లాట్ల మీద పడిన నీళ్ళు రోడ్డు పక్క డ్రెయిన్‌లోంచి ఈ వాగులోకే పోతాయి. మధ్యలో శుద్ధి చేసే ప్లాంటు ఉండదు. బాత్‌రూమ్ నీళ్ళకి ఉన్న మర్యాద వాన నీళ్ళకి లేదన్నమాట.

ఈ సంగతులన్నీ నాకు ఎలా తెలిశాయంటే, ఒక ఫిబ్రవరిలో మా అమ్మాయి సైన్స్ ప్రాజెక్టు కోసం ఐజాక్ వాల్టన్ లీగ్ అనే సంస్థ వాళ్ళ "సాల్ట్ వాచ్" కిట్ తెప్పించింది. ఉచితమే. అందులో నాలుగు కాగితపు స్ట్రిప్పులు, రంగుల చార్టు ఒకటి ఉంటాయి. ఒక గ్లాసులో అంగుళం ఎత్తు వాగు నీళ్ళు తీసుకుని స్ట్రిప్పుని నిలబెడితే, నీళ్ళు పైకి పాకుతూ తెల్లటి గీత ఏర్పడుతుంది. ఆ గీత కొస ఏ అంకె దగ్గర ఆగిందో చూసి, చార్టులో దానికి ఎదురుగా ఉన్న క్లోరైడ్ విలువ రాసుకోవాలి. ఫోటో తీసి, స్థలం గుర్తుపెట్టి, ఆన్‌లైన్‌లో పెట్టాలి. అంతే.

మంచు పడటానికి ముందు ఒకసారి చూశాం, గీత కింది భాగంలోనే ఆగింది. మంచు పడి, రోడ్లన్నీ ఉప్పు చల్లి, రెండు రోజుల తర్వాత ఎండకి కరిగినప్పుడు మా కమ్యూనిటీ డ్రెయిన్ పైపు వాగులో కలిసే చోట మళ్ళీ చూశాం. గీత 230 దాటి పైకి పోయింది.

230 అని ఎందుకంటున్నానంటే, లీటరుకి 230 మిల్లీగ్రాముల క్లోరైడ్ అన్నది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పెట్టిన గీత. నీళ్ళలో ఆ మోతాదు రోజుల తరబడి ఉంటే మంచినీటి జీవులు తట్టుకోలేవు. 860 దాటితే కొద్ది సేపు ఉన్నా ముప్పే. ఈ ఉప్పుకి ఒక చెడ్డ గుణం ఉంది: అది కుళ్ళదు, ఆవిరైపోదు. ఒకసారి నీళ్ళలో కలిస్తే ఎక్కడికీ పోదు. తాగునీటి ప్లాంట్లలో మామూలుగా జరిగే శుద్ధి కూడా దాన్ని తీయలేదు. మా కౌంటీకి నీళ్ళిచ్చే ఫెయిర్‌ఫాక్స్ వాటర్ సంస్థ పొటోమాక్ నుంచి, ఆకొక్వాన్ రిజర్వాయరు నుంచి నీళ్ళు తీసుకుంటుంది. కాబట్టి ఇది చేపల గొడవ మాత్రమే కాదు.

ఒక చిన్న లెక్క వేశాను, ఇంజనీర్లం కదా. హార్డ్‌వేర్ షాపులో 50 పౌన్ల రాక్ సాల్ట్ సంచీ దొరుకుతుంది. అందులో క్లోరైడ్ దాదాపు 14 కిలోలు. దాన్ని 230 గీత దగ్గరికి పలచన చెయ్యాలంటే సుమారు 60,000 లీటర్ల మంచినీళ్ళు కావాలి. హైదరాబాదులో వాటర్ బోర్డు ట్యాంకర్ 5,000 లీటర్లది. అంటే ఒక్క సంచీకి పన్నెండు ట్యాంకర్లు! వేసవిలో ఒక్క ట్యాంకర్ కోసం ఫోన్లు చేసి చేసి విసిగిపోయిన వాళ్ళకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

ఇదేదో నేను కనిపెట్టిన సంగతి కాదు. మా కౌంటీలోనే ఉన్న అకోటింక్ క్రీక్‌లో క్లోరైడ్ ఎంత ఎక్కువయిందంటే, వాగులోకి ఎంత ఉప్పు చేరవచ్చో వర్జీనియా రాష్ట్రం అధికారికంగా పరిమితి లెక్కగట్టాల్సి వచ్చింది. దాని వెంబడే ఉత్తర వర్జీనియా మొత్తానికీ ఉప్పు వాడకం తగ్గించే వ్యూహం ఒకటి తయారయింది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్తాను. 1999లో, వై2కే పుణ్యమా అని అమెరికా వచ్చిన మా బ్యాచ్‌లో చాలామంది చేసిన మొదటి సైన్స్ సేవ ఏమిటో గుర్తుందా? సెటీ ఎట్ హోమ్! బర్క్‌లీ వాళ్ళు ఆ మే నెలలో వదిలిన స్క్రీన్ సేవర్. మనం కాఫీకి వెళ్ళినప్పుడు మన కంప్యూటరు రేడియో టెలిస్కోపు డేటాని జల్లెడ పట్టి గ్రహాంతరవాసుల కోసం వెతికేది. ఎవరి మెషీన్ ఎన్ని వర్క్ యూనిట్లు చేసిందో క్యూబికిల్స్‌లో పందాలు కూడా నడిచేవి. 2020 మార్చి 31న ఆ ప్రాజెక్టు కొత్త పని పంచడం ఆపేసింది. గ్రహాంతరవాసులు దొరకలేదు గానీ, అక్కడ పుట్టిన బాయింక్ సాఫ్ట్‌వేర్ మీద ఇంకా ఎన్నో ప్రాజెక్టులు నడుస్తున్నాయి. తర్వాత 2007లో గెలాక్సీ జూ వచ్చింది, అందులో అరువిచ్చేది కళ్ళు. గెలాక్సీ ఫోటో చూసి గుండ్రంగా ఉందా, సుడి తిరిగి ఉందా చెప్పాలి. 2008లో ఫోల్డిట్ అనే ఆట వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా కొరుకుడు పడని ఒక వైరస్ ఎంజైము ఆకారాన్ని దాని ఆటగాళ్ళు పట్టుకున్నారని 2011లో పత్రికల్లో చదివే ఉంటారు. ఇవన్నీ కుర్చీలోంచి లేవకుండా చేసేవి. మన జాతికి బాగా నప్పేవి!

నేను చెప్పబోయేది బూట్లు తడిసే రకం.

సాల్ట్ వాచ్ పిచ్చి పట్టాక, నార్తర్న్ వర్జీనియా సాయిల్ అండ్ వాటర్ కన్సర్వేషన్ డిస్ట్రిక్ట్ అనే స్థానిక సంస్థ వాగుల పరిశీలనకి వాలంటీర్లని తీసుకుంటుందని తెలిసి ఒక శనివారం వెళ్ళాను. వాళ్ళు వాడేది "సేవ్ అవర్ స్ట్రీమ్స్" పద్ధతి. పైన చెప్పిన ఐజాక్ వాల్టన్ లీగే 1969లో మొదలుపెట్టింది. రసాయనాలు కాదు, పురుగుల్ని లెక్కపెట్టడం.

నీళ్ళు రాళ్ళ మీద గలగలా దూకే చోట ఒకరు వలని అడ్డంగా పట్టుకుని నిలబడతారు. ఇంకొకరు దాని ముందు రాళ్ళని చేత్తో రుద్ది, అడుగుని కాలితో కెలుకుతారు. రాళ్ళని పట్టుకుని ఉన్న పురుగులు కొట్టుకొచ్చి వలలో పడతాయి. వలని తెల్లటి బల్ల మీద పరిచి, పట్టకారుతో ఒక్కొక్కటీ ఏరి, ఐస్ క్యూబ్ ట్రేలో రకాల వారీగా వేసి లెక్కపెట్టాలి. కనీసం 200 రావాలి. ఈగల్లాంటి వాటి పిల్లలు, జలగలు, నత్తలు, గులకరాళ్ళు అతికించుకుని తనకి తనే ఇల్లు కట్టుకునే కాడిస్‌ఫ్లై, ఇవన్నీ మన కాళ్ళ కింద ఉంటాయని నేనెప్పుడూ అనుకోలేదు. తూనీగ పిల్ల నీళ్ళలో పెరుగుతుందని చిన్నప్పుడు పుస్తకంలో చదివాను, మొదటిసారి చూసింది మాత్రం హెర్న్‌డన్ దగ్గర, నలభై దాటాక.

పురుగులెందుకు? మన భాషలో చెప్తాను. సీసాలో నీళ్ళు తీసుకుని పరీక్ష చెయ్యడం అంటే సర్వర్ ఆ క్షణంలో ఎలా ఉందో చూడటం. నిన్న రాత్రి ఎవరైనా ఏదైనా పారబోసి ఉంటే ఈపాటికి కొట్టుకుపోయి ఉంటుంది. పురుగులు లాగ్ ఫైల్ లాంటివి. నెలల తరబడి అదే రాయి కింద ఉంటాయి, పారిపోలేవు. స్టోన్‌ఫ్లై, మేఫ్లై లాంటి సుకుమారాలు మాయమై, దేన్నైనా తట్టుకునే మిడ్జ్‌లూ పాముల్లాంటి పురుగులే మిగిలాయంటే గడిచిన నెలల్లో ఏదో జరిగిందన్నమాటే. వర్జీనియా పద్ధతిలో ఆరు కొలతలు కలిపి 12కి మార్కులేస్తారు. 9 నుంచి పైకి ఉంటే వాగు పాస్. 7, అంతకన్నా తక్కువైతే ఫెయిల్. 8 వస్తే ఎటూ తేలని మధ్య రకం.

నేను మొదటి రోజే నా అజ్ఞానం బయటపెట్టుకున్నాను. వీళ్ళు కాగితం ఫారాల మీద పెన్సిల్‌తో గీతలు గీసుకుంటుంటే చూడలేక, "నేను ఒక మొబైల్ యాప్ చేసిస్తాను, రెండు వారాంతాల్లో అయిపోతుంది" అన్నాను. పక్కన ఉన్న పెద్దావిడ, రిటైరైన టీచరు, నవ్వి "ప్రతి ఏడాదీ ఒకరు ఈ మాట చెప్తారు. యాప్ చేసినవాళ్ళు తర్వాత కనపడరు. నాకు కావలసింది మే నెలలో ఇదే రాయి దగ్గరికి మళ్ళీ వచ్చేవాళ్ళు" అంది.

ఆ మాటకి చెవులు వేడెక్కాయి కానీ నిజమే. మనవాళ్ళ జబ్బు అది. ఏ సేవా కార్యక్రమానికి వెళ్ళినా మొదట వెబ్‌సైటు మార్చేద్దాం అంటాం. ఇలాంటి పనికి అసలు విలువ తెచ్చేది విసుగు. ఏడాదికి నాలుగు కాలాలు, అదే చోటు, అదే పద్ధతి, పదేళ్ళు. పదేళ్ళ తర్వాత అది డేటా అవుతుంది. మొదటి ఏడాది అది పిక్నిక్ మాత్రమే. 1900 క్రిస్మస్ నాడు ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షిశాస్త్రవేత్త 27 మందిని కూడగట్టి మొదలుపెట్టిన పక్షుల లెక్క ఇప్పటికీ ఏటా జరుగుతోంది. ఇవాళ ఉత్తర అమెరికాలో ఏ పక్షి ఎటు తరలిందో చెప్పే శాస్త్రవేత్తలు ఆ పాత నోటుపుస్తకాల మీదే ఆధారపడుతున్నారు.

"అమెచ్యూర్లు లెక్కపెట్టింది ప్రభుత్వం నమ్ముతుందా?" అని మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్న. వర్జీనియాలో దీనికి చట్టమే ఉంది. 2010 నాటికి 3,000 మైళ్ళ వాగుల్ని ప్రజలే పరిశీలించేలా ప్రోత్సహించాలని అందులో లక్ష్యం రాసుకున్నారు. వాలంటీర్ల డేటాని రాష్ట్ర పర్యావరణ శాఖ మూడు స్థాయిలుగా విడగొడుతుంది. స్కూలు పిల్లల స్ట్రిప్పులు ఒకటో స్థాయి, ఎక్కడ సమస్య ఉందో వాసన పట్టడానికి. శిక్షణ పొంది, పరీక్ష పాసై, రాసుకున్న పద్ధతి ప్రకారం చేస్తే పై స్థాయి. మూడో స్థాయి డేటా అయితే ఒక వాగు చెడిపోయిందని అధికారికంగా ప్రకటించడానికి కూడా పనికొస్తుంది. పురుగుల్ని గుర్తుపట్టే పరీక్ష నేను మొదటిసారి తప్పాను. సర్టిఫికేషన్ల పుట్టలం మనం, అయినా తప్పాను. రెండు తోకలా మూడు తోకలా అన్నది భూతద్దంలో చూస్తే తప్ప తెలియదు, మూడింట్లో ఒకటి ఊడిపోయి ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

ప్రొఫెషనల్స్ మాత్రం ఎప్పుడూ తప్పరా? 2016 జనవరి తుఫానులో డల్లెస్‌లో 29.3 అంగుళాల మంచు పడింది. అదే తుఫానులో వాషింగ్టన్ నేషనల్ ఎయిర్‌పోర్టు లెక్క 17.8. ఎందుకింత తేడా అని ఆరా తీస్తే, మంచు కొలవడానికి పెట్టే పలకే మంచులో కూరుకుపోయి కనపడకుండా పోయిందని తేలింది! దాని మీద వాతావరణ శాఖ ఒక బృందాన్ని వేసి విచారణ జరిపించింది.

పలక అంటే వాన కొలిచే గొట్టం గుర్తొచ్చింది. ఇది ఇంట్లో పెద్దవాళ్ళకి బాగా నప్పే పని. 1997 జులై 28న కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ ఊళ్ళో ఒక పక్క పది అంగుళాలకి పైగా వాన కుమ్మరించి ఐదుగురు చనిపోయారు. అదే ఊళ్ళో కొద్ది మైళ్ళ అవతల రెండు అంగుళాలు కూడా లేదు. ఆ వాన ఎంత పెద్దదో అధికారుల యంత్రాలకి సరిగ్గా అందలేదు. మరుసటి ఏడాది అక్కడి యూనివర్సిటీ వాళ్ళు జనాల పెరళ్ళలో నాలుగు అంగుళాల వ్యాసం ఉన్న ప్లాస్టిక్ గొట్టాలు పెట్టించారు. అదే కోకోరాస్. ఇప్పుడు అమెరికా అంతటా, కెనడాలో కూడా వేలమంది పొద్దున ఏడింటికి తమ గొట్టం చూసి అంగుళంలో నూరో వంతు దాకా రాసి పంపుతారు. మన దగ్గరైనా అంతే కదా. 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగిన రాత్రి బేగంపేటలో 19 సెంటీమీటర్లయితే ఘట్‌కేసర్‌లో 32. "హైదరాబాదులో ఎంత వాన?" అంటే ఒక్క అంకెతో జవాబు చెప్పలేం.

ఈ గొట్టం మా పెరట్లోకి వచ్చింది మా మామగారి కోసం. కర్నూలు జిల్లాలో సేద్యం చేసిన మనిషి, ఆరు నెలలకని వచ్చి నెలకే విసిగిపోయారు. సీరియళ్ళు పడవు, కారు నడపడం రాదు. గొట్టం పాతి, అంకెలు ఎలా చదవాలో చెప్పబోతే నన్ను ఆపేశారు. "ఇది నాకు జెప్పేదేముంది అల్లుడూ, ఆరేండ్లు రాసినా" అన్నారు.

పెళ్ళై ఇన్నేళ్ళయినా నాకు తెలియని సంగతి అది. 2003 నుంచి 2009 దాకా మన రాష్ట్రంలో ఒక ప్రయోగం జరిగింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం, ఈ ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకి పైగా పల్లెల్లో. పేరు ఏపీఫామ్స్, అంటే రైతులే నడిపే భూగర్భజల వ్యవస్థలు. డబ్బు నెదర్లాండ్స్‌ది, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా వచ్చింది. నడిపింది నంద్యాల కేంద్రంగా ఉన్న బర్డ్స్, ఇంకొన్ని స్వచ్ఛంద సంస్థలు.

పద్ధతి ఇదీ. వానల గొట్టం ఊరి పొలంలో ఉంటుంది, ఒక రైతు రోజూ చూస్తాడు. ఎంచుకున్న బోర్లలోకి పదిహేను రోజులకోసారి టేపు లాంటి తీగ దింపుతారు. నీళ్ళు తగలగానే పైన బజర్ మోగుతుంది, ఎన్ని మీటర్లో రాసుకుంటారు. మోటారు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తోందో డ్రమ్ముతో కొలుస్తారు. ఇదంతా ఊరి నడుమ గోడ మీద బోర్డు గీసి అందరికీ కనపడేలా రాస్తారు. రబీకి ముందు ఆ పరివాహక ప్రాంతం రైతులంతా కూర్చుని బడ్జెట్ వేస్తారు. ఎంత వాన పడింది, ఎంత ఇంకింది, మనం అనుకుంటున్న పంటలకి ఎంత కావాలి? తక్కువ పడితే ఎవరు వరి మానేసి శనగో ఇంకోటో వేసుకుంటారో వాళ్ళే ఆలోచించుకోవాలి. అమలు చేసే చట్టం లేదు, జరిమానా లేదు, సబ్సిడీ లేదు. లెక్క మాత్రమే.

"అందరూ ఇన్నారా?" అని అడిగాను. "అందురూ ఎట్లింటారు? కొందురు ఇనిరి. నీళ్ళు లేవని గోడ మీద కనపడతాంటే వరి నాటనీకి మొగమాటపడిరి" అన్నారు. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భజలాల మీద వేసిన నివేదికలో ఈ ప్రయోగం గురించి వివరంగా రాశారు, చాలా చోట్ల నీటి తోడకం తగ్గినా రైతుల ఆదాయం తగ్గలేదని. ప్రాజెక్టు డబ్బు అయిపోయాక కొన్ని ఊళ్ళలో గోడ బోర్డులు వెలిసిపోయాయి, మామగారి ఊళ్ళోనూ అంతే. 2019లో కేంద్రం మొదలుపెట్టిన అటల్ భూజల్ యోజనలో ఊరి నీటి బడ్జెట్టే ప్రధానాంశం. కానీ ఆ పథకం మొదలైన ఏడు రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. చూడండి ఎంత చిత్రమో.

మే నెలలో ఆయన్ని వాగు దగ్గరికి తీసుకెళ్ళాను. ప్యాంటు మడిచి నీళ్ళలో దిగి, నాకన్నా చురుగ్గా పురుగులేరారు. టీచరమ్మకి ఆయన భాష రాదు, ఆయనకి ఆవిడ భాష రాదు, ఇద్దరూ జలగని చూసి ఒకేసారి వెనక్కి గెంతారు. తిరిగొస్తూ కార్లో అడిగారు: "కొలిచేది బాగుంది అల్లుడూ. కొలిచినాక ఎవురికి జెప్తాండారు?"

"ఆన్‌లైన్‌లో పెడతాం" అన్నాను.

"అది సరే. ఉప్పు జల్లేటోనికి ఎవురు జెప్పినారు?"

నా దగ్గర జవాబు లేదు. మూడు చలికాలాలు స్ట్రిప్పుల ఫోటోలు పెట్టాను, మ్యాపు మీద ఎర్ర చుక్క కనపడితే పని చేసినట్టు తృప్తిపడ్డాను. మా కమ్యూనిటీ రోడ్ల మీద ఉప్పు చల్లే కాంట్రాక్టరెవరో, ఎంత చల్లుతాడో, డబ్బులెలా ఇస్తారో నాకు తెలియదు. అది ఇచ్చేది మా హెచ్‌ఓఏ, అంటే మేమే. ఆ మీటింగుకి నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. గ్రీన్‌కార్డు వచ్చేదాకా "ఎన్నాళ్ళుంటామో" అని వెళ్ళలేదు, వచ్చాక అలవాటు లేక వెళ్ళలేదు.

సెప్టెంబరు మీటింగుకి వెళ్ళాను, మంచు కాంట్రాక్టులు ఆ రోజుల్లోనే కుదుర్చుకుంటారు కాబట్టి. హాలులో బోర్డు సభ్యులు కాక మొత్తం నలుగురం. ఒక పేజీ ప్రింటు తీసుకెళ్ళాను. స్ట్రిప్పుల ఫోటోలు, తేదీలు, పన్నెండు ట్యాంకర్ల లెక్కని గ్యాలన్లలోకి మార్చి. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళ భయం ఒక్కటే: ఎవరైనా జారిపడి దావా వేస్తే? అందుకే ఉప్పు ఎక్కువైనా ఫరవాలేదు, తక్కువ కాకూడదు. పైగా కాంట్రాక్టరుకి ఎన్నిసార్లు చల్లితే అంత డబ్బు. మన ప్రాజెక్టుల్లో గంటల లెక్కన బిల్లింగ్ చేసేవాళ్ళని చూశాం కదా, అదే కథ.

గంటన్నర వాదన తర్వాత కాంట్రాక్టులో మూడు వాక్యాలు చేర్చారు. ముందు మంచు తోసి, తర్వాతే ఉప్పు చల్లాలి. పేవ్‌మెంట్ 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చల్లగా ఉంటే మామూలు ఉప్పు పని చెయ్యదు కాబట్టి అప్పుడు చల్లకూడదు. తుఫాను వెళ్ళాక మిగిలిన గడ్డల్ని ఊడ్చి తీసుకెళ్ళాలి. "ఎన్నిసార్లు చల్లితే అంత" అన్నది మాత్రం మారలేదు. అది వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఇంటివాళ్ళకి కూడా ఒక చీటీ పంపించారు: 20 అడుగుల డ్రైవ్‌వేకి ఒక 12 ఔన్సుల కాఫీ మగ్గు ఉప్పు చాలని, అదీ గింజకీ గింజకీ ఎడం ఉండేలా చల్లాలని. ఆ రోజు దాకా నేను నా డ్రైవ్‌వేకి సగం సంచీ వాడేవాడిని, మీతో కాబట్టి చెప్తున్నాను.

ఆ చలికాలం గీత కిందికి దిగింది. దిగింది గానీ, ఆ ఏడాది మంచు కూడా తక్కువే. కాబట్టి మా మూడు వాక్యాల గొప్పతనమా, వాతావరణం చలవా అన్నది ఒక్క శీతాకాలంతో తేల్చలేను. అలా తేల్చేస్తే టీచరమ్మ ఊరుకోదు.

మీలో ఎవరికైనా ఉత్సాహం ఉంటే కొన్ని మాటలు. మీరు ఏ ఊళ్ళో ఉన్నా మీ కౌంటీలో సాయిల్ అండ్ వాటర్ సంస్థ గానీ, వాగుల పరిశీలన బృందం గానీ ఉండే అవకాశం చాలా ఎక్కువ. సాల్ట్ వాచ్ కిట్లు అమెరికాలో ఎక్కడికైనా పంపుతారు. పిల్లలకి కాలేజీ అప్లికేషన్ కోసం గంటలు లెక్కపెట్టుకోవడానికి పంపిస్తే పంపండి, తప్పేం లేదు, ఒకరిద్దరైనా పురుగుల పిచ్చిలో పడతారు. హెచ్1, హెచ్4 మీద ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది, చెయ్యచ్చా అని. లాభాపేక్ష లేని సంస్థలో, మామూలుగా వాలంటీర్లే చేసే పనిని, జీతం గానీ ఇంకే ప్రతిఫలం గానీ లేకుండా చెయ్యడానికి ఇబ్బంది ఉండదన్నది సాధారణ సూత్రం. ఎవరికో జీతమిచ్చి చేయించే పనిని మీరు ఊరికే చేసిపెట్టడం వేరే సంగతి, అందులో చిక్కులుంటాయి. అనుమానం ఉంటే లాయర్ని అడగండి, నన్ను కాదు.

సాఫ్ట్‌వేర్ విద్య పూర్తిగా వృథా పోదు లెండి. ఇలాంటి బృందాల దగ్గర ఏళ్ళ నాటి స్ప్రెడ్‌షీట్లు ఉంటాయి. ఒకే చోటు పేరు అయిదు రకాల స్పెల్లింగులతో, తేదీలు రెండు రకాలుగా. ఆ తుప్పు వదిలించడం మనకి వెన్నతో పెట్టిన విద్య. కానీ రెండు సీజన్లు నీళ్ళలో నిలబడ్డాకే ఆ ఫైలు ముట్టుకోండి. ఏ ఖాళీ గడి ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడే తెలుస్తుంది. కోకోరాస్‌లో వాన పడని రోజు కూడా సున్నా అని రాసి పంపాలి. పంపకపోతే వాన పడలేదా, మనిషి నిద్ర లేవలేదా అన్నది తెలియదు. మామగారు వెళ్ళాక ఆ సున్నాలు నేనే రాస్తున్నాను.

మొన్న వాట్సాప్‌లో మాట్లాడుతూ ఆయన మొదట అడిగింది మనవరాలి సంగతి, రెండోది "ఉప్పెంతొచ్చె?" అని. చెప్పాను. "గోడ మీద రాసినారా?" అన్నారు.

హెచ్‌ఓఏ వాళ్ళని అడిగి, మెయిల్ బాక్సుల పక్కన ఉన్న నోటీసు బోర్డు మీద ఒక కాగితం పెట్టాను. తేదీ, చోటు, క్లోరైడ్, పక్కన 230 అన్న గీత. నాలుగో వారం కొత్త అంకె రాద్దామని వెళ్తే, కింద ఎవరో పెన్సిల్‌తో రాసి ఉంది: "మా వీధి చివర డ్రెయిన్ ఎప్పుడు చూస్తారు?"